పది సెకన్లకో హలో

రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్‌ని నాకు ఓనమాల నుంచి నేర్పింది మా సారే. హైదరాబాద్‌లో నా మొదటి ఉద్యోగం, రాత్రి షిఫ్టు. బోర్డు మీద పది చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనీ మిగతా అన్నిటితో కలపమన్నారు. ముగ్గేసినట్టు మొదలుపెట్టాను. 45 గీతలయ్యేసరికి బోర్డంతా చిక్కుపడిపోయింది.

"ఇన్ని చుట్టరికాలు ఏ రౌటర్ మోస్తుందిరా? అందుకే ఒక పెద్దని ఎన్నుకుంటాయి, డీఆర్. వాడికేమైనా అయితే అందుకోవడానికి ఇంకొకణ్ణి, బీడీఆర్. మిగతావాళ్లు ఏం చెప్పుకున్నా ఈ ఇద్దరికే." తుడిచి మళ్లీ గీశారు. 17 గీతలతో సరిపోయింది.

ఎన్నిక సూత్రం చిన్నదే. ప్రయారిటీ ఎక్కువున్నది గెలుస్తుంది, సమానమైతే రౌటర్ ఐడీ పెద్దదైనది. ప్రయారిటీ సున్నా పెడితే పోటీలోనే ఉండదు. నాకు మింగుడుపడనిది మాత్రం వేరే. ఆ ఏడాది కొత్త రౌటర్ వచ్చింది. ప్రయారిటీ 255 పెట్టి, కేబుల్ గుచ్చి చూస్తే డీఆర్‌గా పాతదే ఉంది! దాన్ని రీస్టార్ట్ చేశాను. బీడీఆర్ పైకెక్కింది, కొత్తది బీడీఆర్ అయింది. మూడు నిమిషాలకు లేచొచ్చిన పాతది, అన్నేళ్లు పెద్దరికం చేసింది, వెనకవరసలో నిలబడింది.

"అన్యాయం కదా సార్?"

"పెద్ద మారినప్పుడల్లా అందరూ చుట్టరికాలు మళ్లీ కలుపుకోవాలి. తిరిగొచ్చినవాడి గౌరవం కోసం నడుస్తున్నదాన్ని కదపకూడదు నాన్నా" అన్నారు. తర్వాత స్క్రీన్ మీద ఒక వరస చూపించారు. 39, 38, 37... 31 దాకా దిగి, టక్కున మళ్లీ 39. "పది సెకన్లకోసారి హలో అంటాయి. ఆ హలోలో తాము విన్నవాళ్ల పేర్లన్నీ ఉంటాయి. ఎదుటివాడి హలోలో నీ పేరు కనపడితేనే మాట కలిసినట్టు. 40 సెకన్లు హలో రాలేదా, వాడు పోయాడని రాసేసుకుంటాయి."

రెండేళ్ల తర్వాత సార్‌కి గుండె ఆపరేషన్ అయింది. రెండు నెలల సెలవు. ఆయన పని నాకప్పగించారు, నెల తిరక్కుండానే హోదా కూడా నాకే ఇచ్చేశారు. ఆయనకి ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక, రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దామని ఫోన్ వాయిదా వేస్తూ వచ్చాను.

ఒక సోమవారం పొద్దున్న ఆయన వచ్చారు. సగమైపోయారు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. గబుక్కున లేచాను.

"సార్, కూర్చోండి. మీ సీటు మీకిచ్చేయమని నేనే మాట్లాడతాను."

"కూర్చోరా. తిరిగొచ్చినవాడి కోసం మళ్లీ ఎన్నిక పెట్టరని నేనేగా చెప్పింది." మనస్ఫూర్తిగానే అన్నారు. నా భుజం నొక్కి, పక్కన స్టూలు లాక్కుని, స్క్రీన్‌ మీద దిగుతున్న అంకెలకేసి చూస్తూ ఉండిపోయారు. 34, 33, 32...

"సీటుదేముంది. ఫోను దిండు పక్కనే పెట్టుకున్నాను. రెండు నెలల్లో నీ దగ్గర్నుంచి ఒక్క హలో రాలేదు. మా ఆవిడచేత రెండుసార్లు ఆఫీసుకి ఫోన్ చేయించాను, నీకేమైనా అయిందేమోనని."