ఉప్పుటేటి మీది రైలు వంతెనను

నాకు ఇటు కైకలూరు, అటు ఆకివీడు. 1928లో గుడివాడ నుంచి భీమవరానికి రైలుదారి వేసినప్పుడు పుట్టాను. అప్పటిది చిన్న గేజు. తర్వాత పెద్ద లైను, ఈమధ్యనే రెండో లైను, కరెంటు తీగలు వచ్చాయి. ఒంట్లో ఇనుము మారినా నా చోటు మారలేదు.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చిపోసే నీరంతా కొల్లేరు సరస్సులో చేరుతుంది. అది సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఈ ఉప్పుటేరే, సుమారు 60 కిలోమీటర్లు. వేసవిలో సముద్రపు పోటుకు ఉప్పునీరు ఎదురెక్కుతుంది. కొల్లేట్లో మంచినీరు నిండుగా ఉంటేనే దాన్ని వెనక్కి నెట్టగలదు.

ఆకివీడుకు అన్నం పెట్టింది చేప. వడ్డీలనే జాలరి కులంవాళ్లు తాటిదోనెల మీద వెళ్లి కొర్రమీను, వాలుగ, మట్టగిడస పట్టుకొచ్చేవారు. ఐసు వేసిన చేపల బుట్టలు నా మీదుగా హౌరా దారి పట్టేవి. ఆ నీచువాసన నాకెంత ఇష్టమో! తర్వాత వరిచేలు చెరువులై బొచ్చె, శీలావతి పెరిగాయి. తెల్లవారుజామున పట్టుబడి, కాటా, ట్రేలో ఒక వరస ఐసు, ఒక వరస చేప. సరుకు లారీలెక్కి కోల్‌కతాకూ అస్సాంకూ పోతోంది. ఐసు ఫ్యాక్టరీలు, చేపల మేతకు తవుడు, చెక్క వ్యాపారాలు, వల లాగే కూలీలు... ఊరంతా ఆ ట్రే చుట్టూనే తిరుగుతుంది. నా మీద ఇప్పుడు ఎక్కువగా మనుషులే వెళ్తారు: చదువులకు, ఆసుపత్రులకు, హైదరాబాదు కొలువులకు.

చేపల చెరువులు సరస్సులోకీ దిగాయి. 1970లలో మత్స్యకారుల సొసైటీల పేరుతో తవ్వినవి పోనుపోను డబ్బున్నవాళ్ల లీజుల్లోకి వెళ్లాయి. 1999లో సరస్సును అయిదో కాంటూరు (అయిదడుగుల ఎత్తు గీత) దాకా అభయారణ్యమన్నారు, 2002లో అంతర్జాతీయ చిత్తడినేలగా రామ్సర్ గుర్తింపు వచ్చింది. 2006లో సరస్సులోని ఆ చెరువుల కట్టలు పేల్చారు. పేల్చడం అవసరమే. కానీ సొసైటీలో చిన్న వాటా తప్ప ఏమీ లేని వడ్డీ కుటుంబాలకు వేరే బతుకుదెరువు ముందే చూపించాల్సింది. ఆ లోటు పూడకపోబట్టే కట్టలు మళ్లీ లేచాయని నా నమ్మకం.

2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు కొల్లేటికి వచ్చింది. లంక గ్రామాలు నీళ్ల మధ్య చిక్కుకుపోయాయి, ఏలూరు–కైకలూరు రోడ్డు మునిగింది. అలాంటి వరదనీరు త్వరగా నా దాకా రావాలంటే దారిలో కట్టలు పోవాలి, గుర్రపుడెక్క తీయాలి, ఏటి పూడిక ఎత్తాలి. ఆకివీడు చెరువుల వాళ్లు, లంకల్లోని వడ్డీలు ఒకే మాటగా అడగాల్సిన పని ఇది.