వినిపించకుండా వాయించడం ఎలా?

బేస్ గిటార్ వాయించాలంటే ముందుగా కావలసింది సంగీత జ్ఞానం కాదు. గదిలో మీకంటే బాగా గిటార్ వాయించేవాడు ఇంకొకడు ఉండాలి. బేసిస్టుల్లో సగం మంది ఇలాగే తయారవుతారు. ఇద్దరు గిటారిస్టులు, ఒక డ్రమ్మర్, పాడటానికి ఒకమ్మాయి చేరతారు. "మరి బేస్ ఎవరు?" అని అడగ్గానే అందరూ ఫోన్లలో తలలు దూరుస్తారు. ముందు తలెత్తినవాడే బేసిస్టు. దీనికి చిన్నబుచ్చుకోనక్కర్లేదు. 1961లో హాంబర్గ్‌లో బీటిల్స్ బేసిస్టు స్టువర్ట్ సట్‌క్లిఫ్ బొమ్మలు వేసుకుంటానని తప్పుకున్నప్పుడు, మిగతావాళ్లెవరికీ అక్కర్లేక ఆ పని పాల్ మెకార్ట్నీ నెత్తిన పడింది. ఆ తర్వాత ఆయనకేం లోటు జరిగింది?

కాబట్టి నేర్చుకోవడానికి తొందరపడకండి. ముందు చుట్టాలకు జవాబులు సిద్ధం చేసుకోండి. వాద్యం ఇంటికి వచ్చిన వారంలోనే బాబాయి వస్తాడు.

"ఏరా, రెండు తీగలు తెగిపోయాయా?"

"లేదు బాబాయ్, దీనికి నాలుగే."

"ఆరు తీగలదానికి డబ్బులు చాలకపోతే నన్నడగొచ్చు కదరా!"

ఆయన ఆప్యాయంగానే అన్నాడు, వాదించకండి. తర్వాత పిన్ని ఏదైనా వాయించమంటుంది. మీరు శ్రద్ధగా ఒక పల్లవికి బేస్ మొత్తం వాయిస్తారు. ఆవిడ ఓపిగ్గా విని, "బాగుంది నాన్నా, పాట ఎప్పుడు మొదలుపెడతావు?" అంటుంది. అప్పుడు మీకు పౌరుషం వస్తుంది. ఇళయరాజా పాటల్లో కింద నడిచేది ఇదే పిన్నీ అని చెప్పి, ఫోన్‌లో 'గీతాంజలి' పాటలు పెడతారు. పెట్టండి, సంతోషంగా పెట్టండి. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు 41 సార్లు ఊగుతుంది. ఫోన్ స్పీకరు అంత లోతుకు దిగలేదు, అందులోంచి వచ్చేవి పై స్వరాలు మాత్రమే. వాటిని బట్టి కింద లేనిదాన్ని మన మెదడే ఊహించుకుంటుంది. పిన్ని అంత శ్రమ పడదలచుకోలేదు.

కీర్తి కోసం వస్తున్నవారికి ఇంకో మాట. ఇళయరాజా దగ్గర ఏళ్ల తరబడి బేస్ వాయించిన శశిధరన్ పేరు, రహమాన్ పాటల్లో వాయించిన కీత్ పీటర్స్ పేరు మీరెళ్లే పెళ్లి భోజనాల దగ్గర అడిగి చూడండి. పాడినవాళ్ల పేర్లు చెబుతారు, ఆ పాటకు ఆడిన హీరోయిన్ ఇప్పుడెక్కడుందో కూడా చెబుతారు. అమెరికాలోనూ ఇదే తంతు. 1960లలో మోటౌన్ కంపెనీ పాటలకు దేశమంతా చిందులు వేస్తుంటే, వాటికి నడక నేర్పిన జేమ్స్ జేమర్సన్ పేరు రికార్డు అట్ట మీద ఉండేది కాదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ మీద కానీ అది పడలేదు. ఆయన 1983లో పోయాడు, రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు 2000లో గుర్తించారు. మీరూ ఓపిక పట్టండి.

ఇక సామాను. ఈ వ్యాసం చదువుతున్నవాళ్లలో చాలామంది దీనికోసమే వచ్చారని నాకు తెలుసు.

ఆడలేక మద్దెల ఓడు అన్నది మద్దెలలో ఒకే రకం దొరికే రోజుల నాటి మాట. ఇప్పుడు మద్దెలకు రకాలున్నాయి, రంగులున్నాయి, వాయిదాలున్నాయి. వేళ్లు తిరగకపోతే తప్పు మీ వేళ్లదని ఎన్నడూ ఒప్పుకోకండి. మొదట ప్రెసిషన్ బేస్ కొనండి. లియో ఫెండర్ దాన్ని 1951లో అమ్మకానికి పెట్టాడు, ఈనాటికీ అందరూ దాని అచ్చులే పోస్తున్నారు. అన్నట్టు ఆ మహానుభావుడికి గిటార్ వాయించడం రాదు. చేసినవాడికే రానప్పుడు కొన్నవాడికి వచ్చి తీరాలన్న నియమమేమీ లేదు. ఆరు నెలలయ్యాక, మీ మెడ నొప్పికి కారణం ప్రెసిషన్ మెడ లావుగా ఉండటమేనని కనిపెట్టి, సన్నటి మెడ ఉన్న జాజ్ బేస్ కొనండి. అది 1960లో వచ్చింది, దానికి రెండు పికప్‌లు. ఒకటి తగ్గించి ఒకటి పెంచి శబ్దాన్ని మార్చుకోవచ్చు. మీరు మారుస్తూనే ఉంటారు, మీ బ్యాండ్‌లో ఒక్కరికి కూడా తేడా తెలియదు. తెలియలేదని చెప్పడానికి కూడా వాళ్లు మీ వైపు చూడరు.

ఆ తర్వాత ఐదు తీగలది. కింద ఇంకొక లావు తీగ, సెకనుకు 31 సార్లు. ఇది లేకపోతే కొత్త పాటలు వాయించలేమని దుకాణంలో కుర్రాడు చెబుతాడు. కొంత నిజమే, కీబోర్డు మీద చేసిన బేస్ చాలాసార్లు ఆ లోతుకు దిగుతుంది. మీరు మాత్రం ఆ ఐదో తీగను బొటనవేలు ఆనించుకోవడానికి వాడతారు. వేలు ఆనించడానికి అంత ఖరీదైన వసతి ఇంకే వాద్యంలోనూ లేదు.

యాక్టివ్ రకం కొంటే లోపల తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కేబుల్ గుచ్చి ఉంచినంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది. కాబట్టి రిహార్సల్ అయ్యాక కేబుల్ పీకకుండా అలాగే గోడకు ఆనించి పడుకోండి. సరిగ్గా ప్రోగ్రాం రోజు రెండో పాటలో శబ్దం గరగరమని సన్నగిల్లి ఆగిపోతుంది, జీవితంలో మొదటిసారి జనం మీ వైపు చూస్తారు.

తీగల విషయంలో రెండు మతాలున్నాయి. జేమర్సన్ నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదు. ఆయన సంప్రదాయం పాటిస్తే డబ్బు మిగులుతుంది. రౌండ్‌వౌండ్ తీగల గలగల కావాలనుకునేవారు మాత్రం మాటిమాటికీ మార్చాలి, సెట్టు ఖరీదు చూశాక మరిగించుకోవాలి. హాస్యం కాదు. చుట్ల సందుల్లో చేరిన చెమట, జిడ్డు వేడినీళ్లలో వదులుతాయి, నాలుగు రోజులు మళ్లీ కొత్తవాటిలా మోగుతాయి. పని అయ్యాక బాగా ఆరబెట్టాలి, లేకపోతే తుప్పు. వంటింట్లో చారు పెట్టే గిన్నె ఇందుకు సరిగ్గా సరిపోతుంది. ఎవరూ లేనప్పుడు చేయండి. గిన్నె తోమిపెట్టినా ఇంట్లోవాళ్లు కనిపెడతారు.

మరి వేళ్లు? రెండు వేళ్లా, మూడు వేళ్లా, బొటనవేలితో బాదుడా అన్న చర్చలో మీరు ఎన్ని నెలలైనా హాయిగా గడపొచ్చు. జేమర్సన్ ఒక్క చూపుడువేలితోనే వాయించేవాడన్న సంగతి అక్కడ ఎత్తకండి, చర్చ పాడవుతుంది.

ఆంప్ దగ్గర మాత్రం కాస్త నిజం మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇక్కడ నడుము పోతుంది. పాతకాలపు పెద్ద వాల్వ్ ఆంప్‌లు, పది అంగుళాల స్పీకర్లు ఎనిమిదేసి ఉన్న పెట్టెలు ఫొటోల్లో గుడి గోపురాల్లా ఉంటాయి. ఫొటోల్లోనే చూడండి. ఇప్పుడు క్లాస్-డి ఆంప్‌లు రెండు మూడు కిలోలకే వస్తున్నాయి, భుజం సంచిలో పడతాయి. అయినా మీరు పెద్దదే కొంటారు, మీ ఫ్లాట్ మూడో అంతస్తు, లిఫ్టు మరమ్మతులో. ఇంట్లో సాధన చేయడానికి పావు వంతు శబ్దం పెట్టినా మీ గదిలో మీకు సరిగ్గా వినపడదు, కింది ఫ్లాట్‌లో మాత్రం స్టీలు గిన్నెలు మోగుతాయి. ఆ లావు తీగ శబ్ద తరంగం ఎనిమిది మీటర్ల పొడవు. మీ పడకగది అంత లేదు. అది గోడల మధ్య ఇటూ అటూ కొట్టుకుని ఒక మూల హోరెత్తిస్తుంది, రెండడుగులు జరిగితే మాయమవుతుంది. జనం దీన్ని ఆంప్ లోపం అనుకుని ఇంకో ఆంప్ కొంటారు. మంచం జరిపి చూడమని చెబితే ఎవరూ వినరు. మీరూ వినకండి.

పెడల్స్ గురించి ఎక్కువ చెప్పను, అదో బావి. ఆక్టేవ్ పెడల్ అనే వస్తువు ఒకటుందని మాత్రం మీ గిటారిస్టుకు తెలియనివ్వకండి. స్టేడియాల్లో లక్షల మంది గొంతెత్తి పాడే 'సెవెన్ నేషన్ ఆర్మీ' బేస్, అసలు బేస్ కాదు. 2003లో వైట్ స్ట్రైప్స్ అనే జంట, బేసిస్టే లేని బ్యాండ్, గిటార్‌ను పెడల్‌తో కిందికి దించి వాయించిన ముక్క అది. అలాగే 1984లో ప్రిన్స్ 'వెన్ డవ్స్ క్రై' పాటలోంచి బేస్ మొత్తం తీసేశాడు, అది అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. 1988లో మెటాలికా ఆల్బమ్‌లో కొత్త బేసిస్టు వాయించాడు కానీ కలిపేటప్పుడు ఎంత తగ్గించారంటే ఈనాటికీ అభిమానులు చెవులు రిక్కించి వెతుకుతున్నారు. ఇలాంటి చరిత్ర బ్యాండ్ సభ్యుల చేతికి చిక్కకుండా చూసుకోవడం బేసిస్టు వృత్తిధర్మం.

బ్యాండ్ జీవితం అంటే ప్రధానంగా ఒక వాట్సాప్ గ్రూపు. హైదరాబాద్‌లో ఇది ఐదుగురు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఆరు అభిప్రాయాలు. శనివారం సాయంత్రం గంటల లెక్కన జామ్ రూమ్ తీసుకుంటారు. మొదటి అరగంట మొదటి గిటారిస్టు శ్రుతి చేసుకుంటాడు, రెండో అరగంట రెండో గిటారిస్టు ఆ శ్రుతి తప్పని నిరూపిస్తాడు. డ్రమ్మర్‌కు ఆఫీసు నుంచి ఫోనొస్తుంది, ప్రొడక్షన్‌లో ఏదో పడిపోయిందట. పాడే అమ్మాయి "గొంతు బాలేదు, సగం శ్రుతి తగ్గిద్దామా?" అంటుంది. గిటారిస్టులు కేపోలు, కార్డులు వెతుక్కుంటూ గోల పెడతారు. మీరు చెయ్యి ఒక గడి కిందికి జరుపుతారు, మీ పని అయిపోయింది. ఇలాంటి సమయంలో చిరునవ్వు నవ్వకండి, పెట్టె మోయడానికి ఎవరూ రారు.

ఒక రహస్యం చెబుతాను. గిటారిస్టు సి మేజర్ కార్డు పట్టుకుని తన్మయంగా వాయిస్తున్నప్పుడు మీరు కింద సి బదులు ఎ మోగించండి. అతని వేళ్లు కదల్లేదు, కానీ వినేవాళ్ల చెవిలో అది ఎ మైనర్ సెవెన్ అయిపోయింది. పాటలో మబ్బు పట్టింది. "ఈ రోజు నేను భలే ఫీల్‌తో వాయించాను బ్రో" అని అతను తర్వాత చెబుతాడు. "అవును బ్రో" అనండి. అలాగే ప్రతి స్వరాన్నీ ఎక్కడ మొదలుపెట్టాలో డ్రమ్మర్ కాలు చెబుతుంది, ఎక్కడ ఆపాలో మాత్రం మీరే తేల్చుకోవాలి. స్నేర్ పడే క్షణానికి తీగను వేలితో అణచి చూడండి, అదే పాట నడక మారి జనం తల ఊపుతారు. అణచకుండా వదిలేస్తే నీరసంగా కూర్చుంటారు. ఇది నేర్చుకోవడానికి సామానేమీ కొననక్కర్లేదు, అందుకే దీని గురించి ఎవరూ మాట్లాడరు. మీరు కూడా పట్టించుకోకండి. వీడియోల్లో కుర్రాళ్లు బొటనవేలితో టపటపలాడించే విద్యే నేర్చుకోండి. పాట మధ్యలో అది మొదలుపెట్టగానే డ్రమ్మర్ మీ వైపు చూసే చూపు కోసమైనా చేయాలి.

ప్రోగ్రాం అంటే పబ్బు కావచ్చు, సంగీత్ కావచ్చు, అపార్ట్‌మెంట్ వాళ్ల వినాయక చవితి కావచ్చు. సౌండ్ చూసుకునే అతను మీ కేబుల్‌ను నేరుగా సౌండ్ మిక్సర్‌కు పంపే డీఐ పెట్టెలో గుచ్చి, మూడంతస్తులు దించి తెచ్చిన మీ ఆంప్‌ను స్టేజీ పక్కన కూలర్ పెట్టుకోవడానికి వాడతాడు. "అన్నా, నాకు మానిటర్‌లో కొంచెం బేస్" అని అడగండి. "ఇచ్చిన కదన్నా" అంటాడు. ఇవ్వలేదు. మీకు వినపడకపోయినా వాయించేయండి, వేళ్లకు దారి తెలుసు. పాటల మధ్యలో సెక్రటరీగారు వచ్చి, "బాబూ, ఆ డబడబ తగ్గించండి, పెద్దవాళ్లున్నారు, ఆ 'నాటు నాటు' ఒకటి కొట్టండి" అంటారు. డబడబ లేకుండా ఆ పాట ఎలాగో ఆయన్ను అడగకండి. డబ్బులు రేపు ఫోన్‌పే చేస్తామంటారు. బిర్యానీ మాత్రం ఆ రాత్రే పెడతారు, తినేసి వెళ్లండి.

తిరిగి వచ్చేటప్పుడు వాద్యాన్ని బండిలోనే వదిలేయాలనిపిస్తుంది. వదలొచ్చు. మెకార్ట్నీ హాంబర్గ్‌లో కొన్న హాఫ్నర్ బేస్‌ను 1972లో లండన్‌లో వ్యానులోంచి ఎవరో ఎత్తుకెళ్లారు. అది దొరికిందన్న వార్త 2024లో వచ్చింది. యాభై ఏళ్లు దాటినా ఎవరూ పెద్దగా వాయించి అరగదీసినట్టు లేరు. బేస్‌ను దొంగిలించినవాడికి కూడా దాంతో ఏం చేయాలో వెంటనే తోచదు మరి.

ఇంత చెప్పినా కొంటానంటే, కొత్తది వద్దు, వాడినది చూడండి. మెడను ఒక చివర నుంచి కన్ను పెట్టి చూస్తే దాదాపు తిన్నగా ఉండాలి. దాని వంపు సరిచేసే లోపలి ట్రస్ రాడ్ తిరగాలి, బిగుసుకుపోయి ఉంటే ఎంత చవకైనా వదిలేయండి. ప్రతి గడిలో ప్రతి తీగా మీటి చూడండి, గుబ్బలు తిప్పితే గరగరమనకూడదు. ఇవన్నీ సరిగ్గా ఉన్న ఐదు తీగల బేస్ ఒకటి నా దగ్గర అమ్మకానికి ఉంది. ఐదో తీగ అసలు వాడలేదు, కొత్తగా ఉంది. బేరం ఆడొచ్చు. ఆంప్ కూడా కలిపి తీసుకుంటే బాగా తగ్గిస్తాను, దించుకోవడానికి మనిషిని మీరే తెచ్చుకోవాలి.