మూడు విజిల్స్ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం:
"ఒరేయ్, కుక్కరు పెట్టాను. మూడు విజిల్స్ వస్తే కట్టెయ్. వెంటనే మూత తియ్యకు."

అవతారిక. ఇది అమ్మ మేడ మీద ఆరేసిన బట్టలు తేవడానికి వెళ్తూ మెట్ల మీంచి చెప్పిన సూత్రం. శ్రోత ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ కుర్రవాడు. ఆ సమయాన వాడు ముందుగదిలో సోఫా మీద వాలి, వ్యవస్థకు ఇచ్చిన ఉష్ణం దాని అంతర్గత శక్తి పెరుగుదలకూ అది చేసిన పనికీ మొత్తమని పైకి వల్లిస్తున్నాడు. సూత్రం విని "ఊఁ" అన్నాడు. ఈ "ఊఁ" మూలంలోది కాదనీ, అంగీకారాన్ని గాక ఉచ్ఛ్వాస నిశ్వాసాలను మాత్రమే తెలుపుతుందనీ అనుభవజ్ఞుల మతం. వాడు వల్లించేదే వంటింట్లో పొయ్యి మీద జరుగుతోందని వాడికి తెలియదు. ఆ లోటు పూడ్చడానికే ఈ టీక. పదచ్ఛేదం, సంధులు సులభాలు కనక వదిలేస్తున్నాం.

ఒరేయ్. సంబోధన. నిశ్చలంగా ఉన్న వస్తువు బాహ్యబలం పనిచేయనంతవరకూ నిశ్చలంగానే ఉంటుందని న్యూటన్ 1687లో అచ్చువేయించిన "ప్రిన్సిపియా"లో మొదటి నియమం. సోఫా మీది వస్తువుకు ఇక్కడ బాహ్యబలం "ఒరేయ్". ఈ ఒక్కసారి అది చాలలేదని ముందుముందు తెలుస్తుంది.

కుక్కరు. ఉష్ణగతిక శాస్త్రం అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న, నువ్వు దేని గురించి మాట్లాడుతున్నావని. ఆ దేన్నే వ్యవస్థ అంటారు. తక్కిన లోకమంతా పరిసరాలు. నడుమ ఉన్నది హద్దు. మన వ్యవస్థలో గ్లాసుడు కందిపప్పు, మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, పైన కాస్త ఖాళీలో గాలి. హద్దు అల్యూమినియం గోడలు, మూత, మూత అంచున నల్లటి గ్యాస్కెట్టు. ఈ విభాగం పుస్తకంలో రెండు మార్కుల ప్రశ్న గనక పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లకు అది ఎంత పెద్ద విషయమో తెలుసు. డక్టులోంచి పైఫ్లాటు వాళ్ల విజిలు కూడా ఇదే వంటింట్లోకి వినిపిస్తుంది. వ్యవస్థ ఏదో, పరిసరాలేవో తేల్చుకోనివాడు మన కుక్కరుకు పైవాళ్ల విజిలు కలిపి లెక్కపెట్టి పొయ్యి కట్టేస్తాడు.

పెట్టాను. భూతకాల క్రియ. ఇందులో చాలా పనులు అణిగి ఉన్నాయి. వాటిలో ఒకటి మాత్రం తప్పక చెప్పాలి. పాత చేయి అయితే మూత బిగించగానే వెయిటు పెట్టదు. గొట్టంలోంచి ఆవిరి ధారగా వచ్చేదాకా ఆగి, అప్పుడు పెడుతుంది. లోపలి గాలిని ఆవిరి బయటికి తరిమేదాకా ఆగడమన్నమాట. గాలి మిగిలిపోతే మొత్తం పీడనంలో దాని వాటా దానిది, ఆవిరి వాటా ఆవిరిది. డాల్టన్ చెప్పిన పాక్షిక పీడనాల నియమం ఇదే. వెయిటు లేవడానికి కావలసిన పీడనం అప్పుడూ వస్తుంది గానీ, అందులో ఆవిరి భాగం తక్కువ కనక లోపలి వేడి అనుకున్నంత ఉండదు. ఈ మాట ఏ వంట పుస్తకంలోనూ చదవకుండానే అమ్మమ్మలు ఆవిరి కోసం ఆగారు. వాళ్లకు మార్కులు వేసినవాళ్లు లేరు.

మూత బిగిశాక, వెయిటు లేచేదాకా, ఘనపరిమాణం మారదు. ఘనపరిమాణం మారని వ్యవస్థ పని చెయ్యదు. కనక మంట నుంచి పుచ్చుకున్న వేడి అంతా అంతర్గత శక్తిలో జమ. పని చెయ్యకుండా పుచ్చుకోవడం మాత్రమే చేసే వ్యవస్థలకు కొన్ని ఆఫీసుల్లో ఇంతకంటే మంచి ఉదాహరణలున్నాయి గానీ, విషయాంతరం.

మూత లేని గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆ తర్వాత ఎంత సెగ పెట్టినా నీళ్లు ఆవిరవుతాయే గానీ 101కి పోవు. కుక్కరులో ఆవిరి పోవడానికి దారి లేక పోగుపడుతుంది. పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రతా పెరుగుతుంది. బయటి వాతావరణ పీడనానికి ఇంకో అంత తోడైతే 120 డిగ్రీలు. వంటలో జరిగే రసాయన చర్యలు పది డిగ్రీలకు ఇంచుమించు రెట్టింపు వేగం పుంజుకుంటాయని ఒక ముతక లెక్క ఉంది. ఆ లెక్కన ఇరవై డిగ్రీలకు నాలుగింతలు. గిన్నెలో నలభై నిమిషాలు ఉడికే పప్పు పది నిమిషాల్లో మెదిగేది అందుకే.

ఈ ఉపాయం కనిపెట్టిన మూలపురుషుడు డెనీ పాపాఁ అనే ఫ్రెంచి వైద్యుడు. లండన్‌లో రాబర్ట్ బాయిల్ దగ్గర పనిచేసి, 1679లో తన యంత్రం బయటపెట్టాడు. దానికి డైజెస్టర్ అని పేరు. ఎముకలను మెత్తబరచడం దాని ప్రతిజ్ఞ. 1682 ఏప్రిల్‌లో రాయల్ సొసైటీ సభ్యులు కొందరు దాంట్లో వండిన విందు తిన్నారు, ఎముకలు నిజంగానే మెత్తబడ్డాయని జాన్ ఎవెలిన్ డైరీలో రాసుకున్నాడు. పాత్ర పేలిపోకుండా బరువుతో అదిమిపెట్టే వాల్వు పెట్టింది కూడా పాపాఁయే. ఆ బరువు కిందినుంచి ఆవిరి తోసుకు రావడం చూసిన మనిషి 1690లో ఆవిరితో పిస్టన్‌ను కదిలించే ఆలోచన ప్రకటించాడు. రైలింజను వంశవృక్షంలో ఒక వేరు వంటింట్లో ఉంది.

విజిల్స్. సూత్రానికి ప్రాణపదం ఇదే. ఆనందవర్ధనుడు కుక్కరును ఎరగడు గానీ, వాచ్యంగా చెప్పకుండా లోపలి అర్థాన్ని బయటివాడికి స్ఫురింపజేసేది ధ్వని అన్నాడు. లోపలి 120 డిగ్రీలను ఎవరూ చూడలేరు. ధ్వని వల్లనే తెలియాలి.

అది ఎప్పుడు మోగుతుంది? యాంత్రిక శాస్త్రం మొదటి అధ్యాయం చాలు. వెయిటును కిందికి లాగేది దాని భారం. పైకి తోసేది ఆవిరి గొట్టం రంధ్రం మీద ఆవిరి పీడనం. బలమంటే పీడనాన్ని వైశాల్యంతో గుణించగా వచ్చేది. గొట్టం రంధ్రం వ్యాసం 3 మిల్లీమీటర్లు అనుకుందాం. వైశాల్యం చదరపు సెంటీమీటరులో 0.07 వంతు. చదరపు సెంటీమీటరుకు కిలో బరువు చొప్పున అదనపు పీడనం కావాలంటే వెయిటు 70 గ్రాములుండాలి. అంతే. ఆ 70 గ్రాముల ముక్క కాపలా కాస్తున్నంతసేపూ పీడనం హద్దు దాటదు. దాటబోతే వెయిటు లేస్తుంది, ఆవిరి పోతుంది, పీడనం తగ్గుతుంది, మళ్లీ కూర్చుంటుంది. అందుకే పోయిన వెయిటుకు బదులు పక్కింటి కుక్కరుది తెచ్చి పెట్టడం లెక్క తెలిసినవాడు చేసే పని కాదు. రంధ్రం వేరు, బరువు వేరు, పీడనమూ వేరైపోతుంది.

ఇక్కడ పూర్వపక్షం. కుర్రవాడి వాదన ఇది: "మంట పెద్దది చేస్తే విజిల్స్ తొందరగా వస్తాయి. తొందరగా వస్తే తొందరగా ఉడికినట్టే కదా?"

సిద్ధాంతం: కాదు. వెయిటు ఒకసారి లేవడం మొదలయ్యాక లోపలి ఉష్ణోగ్రత 120 దగ్గర ఆగిపోయింది. పెద్ద మంట దాన్ని 130 చెయ్యలేదు. ఎక్కువైన సెగ ఎటు పోతుంది? ఆవిరిలోకి, ఆవిరితో బయటికి. బాష్పీభవన గుప్తోష్ణం అని పరీక్షలో రాసే మాట ఇక్కడ నిజరూపం చూపిస్తుంది. కిలో నీటిని 30 డిగ్రీల నుంచి 120కి తేవడానికి దాదాపు 378 కిలోజౌళ్లు చాలు. అదే కిలో నీటిని 120 దగ్గర ఆవిరి చెయ్యాలంటే 2200 కిలోజౌళ్లు, దగ్గర దగ్గర ఆరింతలు. పెద్ద మంట మీద పాత్రకు సెకనుకు 1000 జౌళ్లు అందుతున్నాయనుకోండి. పాత్ర గోడల నుంచి పోయేదాన్ని వదిలేస్తే, సెకనుకు అర గ్రాముకు కాస్త తక్కువ నీరు ఆవిరైపోతుంది. పది నిమిషాలకు పావు లీటరు దాటిపోతుంది. పప్పు ఉడకడానికి ఆ పావు లీటరు చేసిన సాయం సున్న. ఎగ్జాస్ట్ ఫ్యాను ద్వారా వీధికి చేసిన దానం. అడుగంటిన పప్పుకు కారణం చాలాసార్లు ఇదే.

వాడు వల్లించే మొదటి నియమంలో పని అనే మాట ఉంది కదా. వెయిటు అర సెంటీమీటరు లేస్తే జరిగిన పని ఎంతో చూద్దాం. 70 గ్రాములు, గురుత్వ త్వరణం 9.8, అర సెంటీమీటరు ఎత్తు. గుణిస్తే 3.4 మిల్లీజౌళ్లు. పక్కన సెకనుకు 1000 జౌళ్ల మంట మండుతోంది. వెయిటును ఇంజనుగా తీసుకుంటే దక్షత చెప్పడానికి సిగ్గుపడాలి. 1824లో సాదీ కార్నో ఆవిరి యంత్రాల మీద రాసిన చిన్న పుస్తకంలోని తర్కం ప్రకారం, 120 డిగ్రీల ఆవిరికీ 30 డిగ్రీల గదికీ మధ్య ఎంత ఆదర్శ యంత్రం పెట్టినా వేడిలో 23 శాతానికి మించి పనిగా మారదు. మన వెయిటు ఆ గీత దరిదాపులకు కూడా రాలేదు. దానికి ఆ ఆశా లేదు, కూత పెట్టడమే దాని ఉద్యోగం.

వస్తే. షరతు. ఇక్కడ టీకాకారుడు మూలాన్ని కొంచెం సరిదిద్దక తప్పదు. అమ్మ మూడు విజిల్స్‌ను కాలానికి కొలతగా వాడింది. కానీ విజిలు గడియారం కాదు, బయటికి పోయిన వేడికి లెక్క. పెద్ద మంట మీద మూడు విజిల్స్ చకచకా వచ్చేస్తాయి, అప్పటికి పప్పు పలుకుగానే ఉంటుంది. సన్న సెగ మీద మూడు విజిల్స్‌కు చాలాసేపు పట్టవచ్చు, సెగ మరీ సన్నదైతే పాత్ర గోడలు పోగొట్టే వేడికీ పొయ్యి ఇచ్చే వేడికీ సరిపోయి ఒక్క విజిలూ రాకపోవచ్చు. అప్పుడూ లోపల దాదాపు 120 డిగ్రీలే, పప్పు చక్కగా ఉడుకుతూనే ఉంటుంది. మూలం అమ్మ నోట వచ్చింది కనక తప్పనకూడదు, అధ్యాహారం చెయ్యాలి. మొదటి విజిలు తర్వాత "సిమ్‌లో పెట్టి" అన్న మాటలు అక్కడ ఉన్నట్టు గ్రహించాలి. రోజూ ఆ పొయ్యి ముందు నిలబడే చేతికి సెగ అలవాటు కనక, తనకు ఆ మాటలు చెప్పుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.

కట్టెయ్. మంట ఆరితే ఉడకడం ఆగదు. 120 డిగ్రీల నీరు, వేడెక్కిన లోహం మెల్లగా చల్లబడుతూ ఇంకా పనిచేస్తాయి. ఈ మిగులు సెగను కూడా లెక్కలో వేసుకునే అమ్మ మూడు అంది.

వెంటనే మూత తియ్యకు. సూత్రమంతటిలో ఇదొక్కటే నిషేధం. మూత వ్యాసం 20 సెంటీమీటర్లయితే వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. అంటే ఆవిరి మూతను 314 కిలోల బరువుతో తోస్తోంది. పాతిక కిలోల బియ్యం బస్తాలు పన్నెండు దాకా. వెయిటును లేపిన పీడనమే ఇది, వైశాల్యం మాత్రమే మారింది. 70 గ్రాములు కాపలా కాస్తున్నది ఇంత బలానికి.

రెండో ప్రమాదం కంటికి కనిపించదు. మూత తీయగానే పీడనం మామూలు స్థాయికి పడిపోతుంది, ఆ పీడనంలో 120 డిగ్రీల నీరు నీరుగా ఉండలేదు. 100కి దిగే క్రమంలో వదిలిన వేడితో తనలో కొంత భాగాన్ని ఒక్కసారిగా ఆవిరి చేసుకుంటుంది. లీటరు నీటిలో దాదాపు 37 గ్రాములు. ఆ 37 గ్రాముల ఆవిరికి 60 లీటర్ల చోటు కావాలి. పప్పు అంతా గోడ మీదికీ ముఖం మీదికీ పొంగేది దీనివల్లనే. అందుకే ఆవిరి పూర్తిగా తగ్గేదాకా ఆగాలి. తొందరైతే పంపు కింద పెట్టి చల్లార్చవచ్చు గానీ, అదీ మూత బిగువుగా ఉన్నప్పుడే. చల్లార్చడమంటే వేడి పరిసరాలకు పోవడం. ఆ వేడి మళ్లీ పోగై కుక్కరులోకి రాదు, ఉడికిన పప్పు మళ్లీ బద్దలుగా విడిపోదు. ఎంట్రోపీ అన్న పేరు 1865లో క్లాసియస్ పెట్టకముందే వంటింట్లో ఈ రెండో నియమం అమల్లో ఉంది.

తాత్పర్యం. ఒరేయ్ నాయనా, వ్యవస్థను సిద్ధం చేసి గాలి పోగొట్టి వెయిటు పెట్టాను. వెయిటు లేచినంత మాత్రాన సెగ పెంచకు, తగ్గించు. మూడోసారి లేచాక మంట తీసెయ్. హద్దులోపలి పీడనం పరిసరాల పీడనంతో సమానమయ్యేదాకా హద్దు ముట్టుకోకు.

పాఠాంతరాలు. "నాలుగు విజిల్స్", "ఐదు" అని కొన్ని ఇళ్లలో ఉంది. ఎత్తు కూడా ఒక కారణం. విశాఖలో 100 దగ్గర మరిగే నీరు, 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాదులో 98 దగ్గరే మరుగుతుంది. లేహ్‌లో అయితే 88. వెయిటు మాత్రం అన్నిచోట్లా బయటి పీడనానికి పైన ఒకే అదనం ఇస్తుంది కనక లేహ్ కుక్కరులో 114 డిగ్రీల దాకానే వస్తుంది. లద్దాఖ్ వెళ్లి మన లెక్క వాడితే పప్పు మెదగదు.

ఇక తుస్సు సంగతి. వెయిటు లేవకముందు, పక్కల నుంచి ఒకసారి తుస్సుమని, అరకొరగా కూసి ఆగుతుంది. దాన్ని ఒకటిగా లెక్కపెట్టాలనే వర్గం, కూడదనే వర్గం ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. మా తీర్పు: వెయిటు లేవనప్పుడు పీడనం ఇంకా నిండలేదు, ఉష్ణోగ్రత ఇంకా 120 కాలేదు, కనక తుస్సు విజిలు కాదు. కుర్రవాడు దాన్ని ఒకటనుకున్నాడు, పైఫ్లాటుది ఇంకొకటి కలిపాడు, మూడోదానికి పొయ్యి కట్టేశాడు. రాత్రి పప్పు పలుకుగా వచ్చింది. తప్పు తనది కాదు, కందిపప్పు పాతదని వాదించాడు. నిల్వపడ్డ కందిపప్పు మొండిగా ఉడుకుతుందన్న మాట నిజమే. అది రసాయన శాస్త్రం వాళ్ల పేపరు, ఈ టీకకు సిలబస్ కాదు.