మాలే అలక, మైదుకూరు ఎర్రగడ్డ

అలక పాన్పు ఎక్కడం మన అల్లుళ్లకే వచ్చనుకున్నాం. 2023 నవంబరులో మాల్దీవుల అధ్యక్షుడైన మొహమ్మద్ ముయిజ్జు గారు ఎక్కి చూపించారు. 'ఇండియా అవుట్' అని ఓట్లడిగి గెలిచారు. మర్యాదకైనా ముందు ఢిల్లీ గడప తొక్కకుండా తుర్కియేకి, తర్వాత చైనాకి వెళ్లారు. 2024 జనవరిలో ఆయన ఉపమంత్రులు ముగ్గురు మన ప్రధాని మీద నోరు పారేసుకున్నారు. మన కుర్రాళ్లు ఫోన్లలోనే యుద్ధం ప్రకటించేశారు. జన్మలో విమానమెక్కని వాళ్లు కూడా టికెట్ రద్దు చేసుకున్నంత ఆవేశపడ్డారు. మార్చి 4న వాళ్ల రాజధాని మాలే చైనాతో సైనిక సాయం ఒప్పందం రాసుకుంది. మే 10 లోపల మీ సైనికులంతా వెళ్లిపోవాలని మనకు గడువు పెట్టింది.

ఆ గడువు నడుస్తుండగానే, ఏప్రిల్ 5న ఢిల్లీ గట్టిగా బదులిచ్చింది. ఎర్రగడ్డలతో.

ఏడాదికి ఉల్లి 35,749 టన్నులు. గుడ్లు 42.75 కోట్లు. బియ్యం 1,24,218 టన్నులు. ఇసుక 10 లక్షల టన్నులు, కంకర మరో 10 లక్షలు. 1981లో రెండు దేశాలూ రాసుకున్న వాణిజ్య ఒప్పందం కింద ఇన్నేళ్లలో ఎన్నడూ ఇంత కోటా ఇవ్వలేదట. ఆ దేశం మొత్తం జనం ఐదు లక్షల చిల్లర, అంటే అటూ ఇటూగా మన కర్నూలు నగరమంత. లెక్క కడితే తలకు 70 కిలోల ఉల్లి, రోజుకు రెండు గుడ్లు. వచ్చిపోయే టూరిస్టులు కూడా తింటారనుకోండి. అయినా ఆమ్లెట్ మీద ఇంత నమ్మకం పెట్టుకున్న విదేశాంగ విధానం నేనింకెక్కడా చూడలేదు.

ఇందులో అసలు తమాషా తేదీల్లో ఉంది. 2023 డిసెంబరు 8 నుంచి దేశంలో ఉల్లి ఎగుమతి నిషేధం. ఏప్రిల్ 5న కూడా అమల్లోనే ఉంది. అవుట్ అన్న వాళ్లకు ఉల్లి వెళ్లొచ్చు. పండించినోడు మాత్రం ఓడ ఎక్కించకూడదు. ఆయనకు తలుపు తీసింది మే 4న. అదీ టన్నుకు 550 డాలర్ల కనీస ధర, 40 శాతం సుంకం గుమ్మంలో నిలబెట్టి.

కడప వైపు కథ ఇంకా ఘాటు. మైదుకూరు చుట్టుపక్కల పండే కృష్ణాపురం ఉల్లి మన కూరలో పడదు. గడ్డ చిన్నది, కారం ఎక్కువ. శ్రీలంక, సింగపూర్, మలేసియా వాళ్లు తింటారు. మనవాళ్లు తినని సరుకు ఎగుమతి ఆపితే ఢిల్లీలో ధర ఎలా దిగుతుందో ఏ ఆర్థికవేత్తా చెప్పలేదు. 2020 సెప్టెంబరులో మాత్రం ఆపారు. గోల చేస్తే అక్టోబరులో 10 వేల టన్నులకు సరేనన్నారు, అదీ చెన్నై రేవు నుంచి మాత్రమే.

ఇక కర్నూలు యార్డు. 2025 సెప్టెంబరు. వానకు తడిసిన సంచి విప్పి, వ్యాపారి ఒక గడ్డ తీసి బొటనవేలితో నొక్కుతాడు.

"నీళ్లు పట్టింది పెద్దాయనా."

"నిన్నటి రేటన్నా కట్టు నాయనా."

"తడిసిన సరుక్కు రేటు యాడిది? ఇస్తే ఇయ్యి, లేకుంటే తోలుకపో."

తోలుకపోతే బాడుగ మీద పడుతుంది. అందుకని కొందరు గడ్డల్ని అక్కడే పారబోసి, ఖాళీ సంచులు చంకన పెట్టుకుని ఊరికి పోయారు. ప్రభుత్వం క్వింటా 1,200కు కొంటానంది, తర్వాత హెక్టారుకు 50 వేలు ఇస్తానంది. మాలేకి మాత్రం అప్పటికే 2024 అక్టోబరులో 40 కోట్ల డాలర్లు, 3,000 కోట్ల రూపాయల కరెన్సీ మార్పిడి, 2025 జూలైలో 4,850 కోట్ల రూపాయల రుణ సదుపాయం అందాయి. అలిగినవాడికి పాన్పు కింద పట్టుపరుపు కూడా వేశారు.

నాకు ముయిజ్జు గారి మీద కోపం లేదు. ఢిల్లీ మీదా లేదు. హిందూ మహాసముద్రంలో చైనా ఓడ లంగరేస్తే మనకే నష్టం, కాబట్టి ఆ బుజ్జగింపు తెలివైన పనే. బాధల్లా మన రాయలసీమకొక చైనా లేకపోవడం. ఇవ్వకపోతే పక్కింటికి పోతామని బెదిరిద్దామంటే పక్కన ఉన్నది రాయచూరు, బళ్లారి, పాలమూరు. వాళ్లే మన మబ్బు కేసి చూస్తుంటారు.

ఒప్పందాలు మాత్రం మనకూ ఉన్నాయి. 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ ఇంట్లో కోస్తా పెద్దలూ సీమ పెద్దలూ రాసుకున్నారు. రాజధానో హైకోర్టో సీమకు, కృష్ణా తుంగభద్ర పెన్న నీళ్లలో ప్రాధాన్యం సీమకు అని. మాల్దీవుల 1981 కాగితం కింద ఏటా ఓడలు కదులుతాయి. మన 1937 కాగితానికి ఏటా నవంబరులో సభ జరుగుతుంది, వక్తలకు శాలువాలు కప్పుతారు.

ఢిల్లీలోని వాణిజ్య శాఖ వారికి ఒక్క మనవి. ఈసారి ఉల్లి ఎగుమతి ఆపాలనుకుంటే నారు పోయకముందే చెప్పండి. గడ్డ ఊరాక, లారీకి బాడుగ మాట్లాడుకున్నాక చెప్పకండి.