ఒకే పానవట్టం, ఇద్దరు గెస్టులు

కాళేశ్వరం గుళ్లో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. ఒకటి కాలుడిది, అంటే యముడిది. రెండోది ముక్తేశ్వరుడిది. ప్రాణాలు తీసేవాడూ, ముక్తినిచ్చేవాడూ ఒకే గదిలో దిగి తరతరాలైంది. ముందు నేను బుక్ చేసుకున్నానంటే నేనని ఒక్కనాడు పేచీ పడలేదు, ఎక్స్‌ట్రా బెడ్ అడగలేదు. ముక్తేశ్వర లింగానికున్న రెండు రంధ్రాల్లో ఎన్ని బిందెల నీళ్లు పోసినా పైకి పొంగవనీ, లోలోపలే పోయి సంగమంలో కలుస్తాయనీ భక్తుల నమ్మకం. ఈ సదుపాయం మా వైపు లాడ్జీల బాత్రూములకు ఇంకా అందలేదు.

2025 మే 15 నుంచి 26 వరకు అక్కడ సరస్వతీ పుష్కరాలు జరిగాయి. బృహస్పతి మిథునరాశిలో అడుగుపెడితే సరస్వతికి పుష్కరం. ఆయన ఏడాదికో రాశి ఖాళీ చేసి పక్క రాశిలో దిగుతాడు. ఎప్పుడు దిగేదీ ఎప్పుడు లేచేదీ గంటలు, నిమిషాలతో సహా పంచాంగంలో ముందే అచ్చవుతుంది. చెప్పిన టైముకు గది ఖాళీ చేసే గెస్టు సృష్టి మొత్తంలో ఆయనొక్కడే. ఇక కాళేశ్వరంలో కలిసే మూడు నదుల్లో గోదావరి, ప్రాణహిత కంటికి కనబడతాయి. సరస్వతి అంతర్వాహిని. ఉంటుంది గాని కనబడదు. ఆ పన్నెండు రోజులూ జిల్లా కేంద్రం భూపాలపల్లిలో రూములు కూడా ఆ తల్లి బాటే పట్టాయి. ఫోన్లో ఉన్నాయి, యాప్‌లో ఉన్నాయి, మెసేజ్‌లో ఉన్నాయి. కౌంటర్ ముందు నిలబడి అడిగితే భూమిలోకి ఇంకిపోయాయి.

సర్కారువారు కాళేశ్వరంలో టెంట్ సిటీ వేశారు. టెంటులో ఒక సుగుణముంది, దానికి తాళం ఉండదు. జిప్పు లాగి పొరపాటున పక్కవాళ్ల టెంటులో దూరినా ‘సారీ అన్నా’ అని బయటపడొచ్చు. తాళం ఉన్నచోటే కదా తగాదా.

మా దిక్కు లాడ్జిలో రూము సంపాదించే విద్య బయటి జిల్లాల వాళ్లకు సులువుగా అంతుబట్టదు. పాత పద్ధతి ఫోను. ‘అన్నా, శనివారం రెండు రూములు గావాలె.’ ‘రాండ్రి, సూద్దాం.’ అడిగినవాడు ఇల్లు తాళమేసి బండెక్కుతాడు. చెప్పినవాడు రిజిస్టర్లో ఏమీ రాసుకోడు. కొత్త పద్ధతి యాప్. హైదరాబాద్‌లో కూర్చున్న సాఫ్ట్‌వేర్ కొడుకు నెలల ముందే మామూలు రేటుకు డబ్బు కట్టేసి, పచ్చ టిక్కును ఫ్యామిలీ గ్రూపులో పెడతాడు. అందరూ దండాల బొమ్మలు పెడతారు. తీరా పుష్కరాలొచ్చాక అదే గది కౌంటర్ మీద మూడింతలు పలుకుతుంటే, పాత రేటు మనిషికి ‘సర్వర్ డౌనున్నది సార్’ అని చెప్పడానికి మేనేజరుకు పెద్ద గుండె ధైర్యం అక్కర్లేదు.

ఈ రెంటికీ పెద్దమ్మ పైనుంచి వచ్చే ఫోను. తహసీల్దారు ఆఫీసు నుంచి ఒకరు, పోలీస్ స్టేషన్ నుంచి ఒకరు, నాయకుడి పీఏ ఒకరు. వీళ్లు అడ్వాన్సు కట్టరు, రేటు అడగరు, పేరు కూడా చెప్పరు. ‘ఒకటి పక్కకు పెట్టు’ అంటారు. ముగ్గురికీ పక్కకు పెట్టేది ఒకే గది, ఎందుకంటే ఏసీ పనిచేసేది అందులోనే. ఈ మూడు ప్రవాహాలూ వచ్చి కలిసే చోటు రిసెప్షన్ కౌంటర్. మునక వేయదలచినవాళ్లు అక్కడ వేస్తే చాలు, రేవు దాకా పోనక్కర్లేదు.

భూపాలపల్లి సింగరేణి ఊరు. కూతవేటు దూరంలో చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. మామూలు రోజుల్లో అక్కడి లాడ్జీలను పోషించేది భక్తులు కాదు, మిషన్లు బాగుచేయడానికొచ్చిన టెక్నీషియన్లు, కాంట్రాక్టు సూపర్‌వైజర్లు. నెల అద్దె మాట్లాడుకుని, గోడకు తాడు కట్టి బనీన్లు ఆరేసుకుని, తాళంచెవి జేబులో వేసుకుని డ్యూటీకి పోతారు. పుష్కరాల చివరి శనివారం రాత్రి ఒక లాడ్జిలో (పేరెందుకు, ఏ లాడ్జికైనా సరిపోతుంది) మేనేజరుకు ఒక జ్ఞానోదయమైంది. నైట్ షిఫ్టు మనిషి గది తెల్లారేదాకా ఖాళీయే కదా! డూప్లికేట్ చెవి సొరుగులోనే ఉంది కదా!

పొద్దున షిఫ్టు దిగొచ్చిన ఆ మనిషి తలుపు తీస్తే, మంచం మీద ఒక అవ్వ. కింద చాపల మీద ఇంకో ఏడుగురు. ఆయన హెల్మెట్ పెట్టుకునే కొక్కేనికి తడి చీర. ఆయన టేబుల్ మీద పులిహోర డబ్బా.

‘అవ్వా, ఇది నా రూము.’

‘నీదైతే రాత్రంత ఏడ వోయినవ్ బిడ్డా?’

‘డ్యూటీకి.’

‘అయిపోయిందా డ్యూటీ? అయితె గా మూలకు పండుకో. మేం తొమ్మిదింటికి పోతం.’

పండుకున్నాడు. పులిహోర కూడా తిన్నాడట. మేనేజరు మాత్రం ఆ గదికి ఆ రాత్రికి రెండు అద్దెలు రాసుకున్నాడు.

అదే లాడ్జిలో ఆరో నంబరుకూ తొమ్మిదో నంబరుకూ మధ్య నడిచిన కథ ఇంకొంచెం లోతైనది. చెవులకు అరచేయంత చెక్కబిళ్లలు కట్టి, వాటి మీద ఎర్ర రంగుతో నంబర్లు రాశారు. ఆరు కింద ఒకప్పుడు గీత ఉండేది, అరిగిపోయింది. మేకుకు తగిలించేటప్పుడు బిళ్ల ఏవైపు తిరిగితే ఆ నంబరు. సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లూ, నల్లగొండ నుంచి వచ్చినవాళ్లూ ఒకరి గదిలోకి ఒకరు వెళ్లి, కాళ్లు కడుక్కుని, ఫ్యాన్ వేసుకుని కూర్చున్నారు. ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే ఏ చెవితోనైనా ఏ తలుపైనా తెరుచుకుంటోంది. ఓనరు తాళాలన్నీ ఒకే డజనులో కొన్నాడు. చివరికి సంచులు విప్పినప్పుడు బయటపడింది. నల్లగొండ పెద్దాయన వేసుకోవాల్సిన బీపీ మాత్రల స్థానంలో చిన్నపిల్లల గ్రైప్‌వాటర్ దొరికింది. రూమ్ బాయ్‌ని పిలిస్తే వాడు చాలా శాంతంగా, ‘నంబరు సూడొద్దు సార్, తలుపు సూసుకోవాలె. మీది పచ్చ తలుపు’ అన్నాడు. తలుపులన్నీ పచ్చవే.

పుష్కరాలు ఏ నదికైనా పన్నెండేళ్లకోసారే. మేడారం జాతర రెండేళ్లకోసారి కాబట్టి ఈ రూముల అనుభవం మనకు అక్కడ మరింత ముదిరింది. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగిన జాతరకు ముందు ఫోన్లో ‘మేడారం దగ్గర రూములు’ అని వెతికినవాళ్లకు జనగామ లాడ్జీలు తగిలేవి. జనగామకూ మేడారానికీ మధ్య దాదాపు 150 కిలోమీటర్లు. అర్ధరాత్రి సామాను దింపుకుని ‘గద్దెలు ఎటువైపు?’ అని అడిగితే కౌంటర్లో మనిషి రోడ్డు వైపు చెయ్యి చూపిస్తాడు. ‘గిదే రోడ్డు సార్. సక్కగ పోతె వస్తది.’ అందులో అబద్ధం లేదు. 163వ నంబరు జాతీయ రహదారి జనగామ మీదుగానే వరంగల్, ములుగు దాటి పస్రా దాకా పోతుంది. చక్కగా పోవాలి, అంతే.

భూపాలపల్లిలో బుక్ చేసుకున్నవాళ్లది వేరే పాపం. వాళ్లు మేడారం భూపాలపల్లి జిల్లాలో ఉందనుకుంటారు. ఉండేది కూడా. 2016 అక్టోబర్ 11కు ముందు వరంగల్ జిల్లా, ఆ రోజు నుంచి జయశంకర్ భూపాలపల్లి, 2019 ఫిబ్రవరి 17 నుంచి ములుగు. 2018 జాతరకు తాళాలు ఒక కలెక్టర్ దగ్గర, 2020 జాతరకు ఇంకో కలెక్టర్ దగ్గర. వనదేవతలు గద్దె కదలకుండానే మూడు జిల్లాలు మారారు. కాళేశ్వరం సంగతీ అంతే, 2015 గోదావరి పుష్కరాల నాటికి కరీంనగర్, 2025 సరస్వతీ పుష్కరాల నాటికి భూపాలపల్లి. బయ్యారం, గార్ల ఖమ్మంలో సామాను సర్దుకుని మహబూబాబాద్‌లో దిగాయి. గుండాల మండలమైతే జనగామలో కొన్నాళ్లుండి, గాలి ఆడలేదో ఏమో, యాదాద్రి భువనగిరికి రూము మార్చుకుంది. అసలు జనగామకే మొదటి జాబితాలో గది లేదు. ధర్నాలు, బందులు చేసి ఆఖరు నిమిషంలో సాధించుకుంది. జిల్లాలను ఇట్లా పంచిన రాష్ట్రంలో లాడ్జి మేనేజరు ఒక్కడే చెవులు తారుమారు చేశాడని తిట్టడం అన్యాయం.

మానుకోట (మహబూబాబాద్) వాళ్లకు ఈ విషయంలో కాస్త బింకం ఉంది. జాతరకు దేవుణ్ని పంపేది వాళ్లే మరి. సమ్మక్క భర్త పగిడిద్దరాజు మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం పూనుగొండ్ల నుంచి బయల్దేరతాడు. పూజారులు భుజానికెత్తుకుని అడవి దారిన కాలినడకన తీసుకుపోతారు. ప్రోటోకాల్ పాస్ లేదు, ఎస్కార్ట్ కారు లేదు. మంత్రులకు, పెద్ద ఆఫీసర్లకు మాత్రం నాలుగు రోజులూ గదులు తాళమేసి ఉంచాలి. గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క కుంకుమ భరిణె రూపంలో దిగుతుంటే పోలీసులు గాల్లోకి కాల్పులు జరిపి స్వాగతం చెప్తారు. ఆ దృశ్యం చూసి, బెల్లం తూకం వేయించుకుని, వీఐపీ రాత్రికి రాత్రే వెనక్కి వెళ్లిపోతాడు. ఆయన గదిలో ఏసీ శనివారం దేవతల వనప్రవేశం దాకా ఎవరికోసమో తెలియకుండా తిరుగుతూనే ఉంటుంది. ఆ గది చెవి జేబులో పెట్టుకున్న జూనియర్ అసిస్టెంటు బయట జీపులో కాళ్లు ముడుచుకుని పడుకుంటాడు. లోపల పడుకుంటే ఉద్యోగం పోతుంది, చెవి ఎవరికైనా ఇస్తే ఇంకా తొందరగా పోతుంది.

మిగతా జనానికి గది బాధే లేదు. అధికారుల లెక్కలో కోటి దాటే ఆ జనం పరదాలు కట్టుకుని, చెట్ల కింద పొయ్యి రాజేసుకుని, జంపన్న వాగులో మునిగి, బెల్లాన్ని బంగారమని మొక్కి వెళ్లిపోతారు. పరదా కట్టుకోవడానికి ఎవరి ఆధార్ జిరాక్సూ ఎవరూ అడగరు.

మన పేరున్న క్షేత్రాల్లో సత్రాల సంగతి వేరు. చాలాచోట్ల కులానికో సత్రం. గేటు దగ్గర వాచ్‌మన్ గది ఉందని గాని లేదని గాని చెప్పడు. ‘ఇంటిపేరేంది?’ అంటాడు. చెప్పిన ఇంటిపేరు బట్టి గదులు పుడతాయి, మాయమవుతాయి. ఈ చెవి ఎన్నడూ తారుమారు కాదు. పుట్టినప్పుడే మెడలో కట్టి పంపిస్తారు, డూప్లికేట్ దొరకదు. యాప్ తయారుచేసినవాళ్లకు ఈ సాఫ్ట్‌వేర్ ఇంకా చేతకాలేదు.

పుష్కరాలు ముగిశాక భూపాలపల్లి లాడ్జిలో లెక్క చూస్తే ఆరో నంబరు చెవి లేదు. సిరిసిల్లాయన చెక్కబిళ్లతో సహా పట్టుకుపోయాడు. మేనేజరు ఫోన్ చేశాడు.

‘అన్నా, మా చెవి మీకాడ ఉన్నది. కొరియర్ చెయ్యరాదు?’

‘ఉండనియ్ తమ్మీ. 2027ల గోదావరి పుష్కరాలకు మల్ల రావాలె గదా. నాకాడ్నే ఉంటది.’

రసీదు లేకుండా, అడ్వాన్సు లేకుండా, ఎవరి సిఫారసూ లేకుండా ఇంత ఖాయమైన బుకింగ్ ఆ లాడ్జి చరిత్రలోనే లేదు. తాళం మార్పించమని ఓనరు కోప్పడ్డాడు గాని, మేనేజరు మార్పించలేదు. తొమ్మిదో నంబరు చెవితో ఆరు తెరుచుకుంటోంది. కాకపోతే అదిప్పుడు నల్లగొండలో ఉంది.