నావలూరు దానకర్ణులు

కలియుగంలో దానధర్మాలు అడుగంటాయని బాధపడేవాళ్లు ఒకసారి చెన్నై ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీదికి రావాలి. షోళింగనల్లూరు దాటాక నావలూరు, పడూరు, కేళంబాక్కం వరకు బారులు తీరిన టవర్లలో మన నెల్లూరు, గుంటూరు సాఫ్ట్‌వేరు అబ్బాయిలు ఎంత పెద్ద ధర్మసత్రం నడుపుతున్నారో కళ్లారా చూడొచ్చు. వాళ్లు మాత్రం దాన్ని ‘ఇన్వెస్ట్‌మెంట్ ఫ్లాట్’ అంటారు. గుప్తదానం కదా, వినయం.

దీక్ష ఇచ్చే మంత్రం ఒక్కటే: ‘అద్దె వచ్చి ఈఎంఐ కట్టేస్తుంది.’ తెలుగువాడి చెవిలో ఊదడానికి బిల్డరు తరఫున తెలుగు కుర్రాడే వస్తాడు. “అన్నా, మనోళ్లు అప్పుడే చాలామంది బుక్ చేసేశారన్నా. నువ్వు ఒక్క రూపాయి జేబులోంచి తీయక్కర్లేదు.”

సరే, లెక్క వేద్దాం. కోటి రూపాయల ఫ్లాటు. బ్యాంకు ఇచ్చేది 75 లక్షలు. మిగతా 25 లక్షలకు ఊళ్లో నాన్నగారి పొలం ఉండనే ఉంది. స్టాంపు సుంకానికి, రిజిస్ట్రేషనుకు బ్యాంకు చిల్లిగవ్వ ఇవ్వదు. అక్కడికి అమ్మ గాజులు సరిపోతాయి. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ల పాటు నెలకు సుమారు 65 వేలు. ఇంటి విలువ మీద ఏడాదికి మూడు శాతం అద్దె రావడమే గొప్ప, అంటే నెలకు 25 వేలు. తక్కిన 40 వేలు? దాతగారి జీతం. అసోసియేషన్ చందా, రంగులు, ఇల్లు ఖాళీగా ఉన్న నెలలు, అవీ ఆయనవే. అద్దెకున్నాయన 65 వేల ఇంట్లో 25 వేలకు దర్జాగా ఉంటూ, గీజరు పనిచేయకపోతే దాతగారికే ఫోను చేసి గద్దిస్తాడు. ఆ దాతగారేమో ఆ ఫ్లాటు గిండీలోని తన ఆఫీసుకు దూరమని వేలచ్చేరిలో సింగిల్ బెడ్‌రూములో అద్దెకుంటాడు! 20 ఏళ్లకు 75 లక్షల అప్పుకు బ్యాంకుకు ముట్టేది కోటిన్నర పైమాటే.

పన్ను మిగులుతుందట. పాత ఆదాయపు పన్ను విధానంలో, అద్దెను మించిన వడ్డీ వల్ల వచ్చే నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోనిచ్చేది ఏడాదికి 2 లక్షల దాకానే. కొత్త విధానంలో అదీ లేదు.

ఇక నీళ్ల సంగతి. 2019 వేసవిలో నగరానికి నీళ్లిచ్చే చెంబరంబాక్కం, పూండి, పుళల్, చోళవరం జలాశయాలు నాలుగూ ఎండిపోయి, ఈ రోడ్డు మీది కంపెనీలు కొన్ని ఉద్యోగులను ఇంటినుంచే పని చేసుకోమన్నాయి. ఇంట్లో మాత్రం నీళ్లెక్కడివి? ట్యాంకరే గంగమ్మ. బ్రోచరులో ఈతకొలను బొమ్మ చెక్కుచెదరలేదు.

కట్టడం పూర్తికాక ముందే కొనేవాళ్లది ఇంకా పై మెట్టు. అద్దె అనే మాటే లేకుండా ప్రీ-ఈఎంఐ పేరుతో వడ్డీ కడుతూ ఉంటారు. ఆ కట్టేదే కూలితే? 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల టవరు కూలి 61 మంది పోయారు. వాళ్లలో ఉత్తరాంధ్ర నుంచి పొట్టచేత పట్టుకొచ్చిన కూలీలు ఎందరో. వాళ్ల ముందు ఫ్లాటు కొన్నవాళ్ల కష్టం కష్టమే కాదు, ఇక్కడ వెక్కిరించడానికి నోరు రాదు. పక్కనున్న జంట టవరును 2016 నవంబరులో ప్రభుత్వమే పేల్చి నేలమట్టం చేసింది. భవనం కూలినా బ్యాంకు అప్పు కూలదన్న సంగతి మాత్రం ఏ బ్రోచరులోనూ కనబడదు.

ఇంత చెప్పినా, “మా పెదనాన్న టీ నగర్‌లో కొన్న గ్రౌండు ఇవాళ కోట్లు కాలేదా?” అని అడుగుతారు. అయింది. పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు పెట్టుకున్న ఆ పేట 1920లలో చెరువు పూడ్చి కట్టింది. వాన గట్టిగా కురిస్తే చెరువుకు ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తుంది, అది వేరే కథ. పెదనాన్నగారు కొన్నది నేల. గ్రౌండు అంటే నికరంగా 2400 చదరపు అడుగులు. అబ్బాయి కొన్నది తొమ్మిదో అంతస్తులో గాలి. దాంతో వచ్చే యూడీఎస్, అంటే నేలలో విడదీయని వాటా, మహా అయితే 400 అడుగులు. గ్రౌండులో ఆరో వంతు. పెరిగేది ఆ ముక్క ధరే, గోడలు ఏటేటా పాతబడతాయి.

ఆ 400 అడుగులు ఎక్కడున్నాయో చూపించమని అడిగితే ఫ్లాటు అమ్మిన కుర్రాడు నొచ్చుకుంటాడు. “అది అన్‌డివైడెడ్ అన్నా, గీత గీసి చూపించకూడదు” అంటూనే, ఫేజ్ టూ బ్రోచరు చేతిలో పెడతాడు.