తేదీ పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

ఆ. తొలుత వచ్చు తేది తొందరించి వెదకి
బెదురు లేక నొక్కు పిల్లవాడ
నిండు నన్ని చోట్లు నిమిషమాగితివేని
మరల దొరక దయ్య మాట వినుము

అవతారిక: అమెరికాలో మెడికల్ కాలేజీలకు అప్లై చేసిన తెలుగు కుర్రవాడికి ఇంటర్వ్యూ ఆహ్వానం ఈమెయిల్‌లో రాగా, అప్పటికే రెసిడెన్సీ చేస్తున్న అక్కయ్య వాడికి చేసిన ఉపదేశం. స్థలం డాలస్ పక్కన ఫ్రిస్కో. కాలం సెప్టెంబరు. పద్యమూ వ్యాఖ్యా ఒకరివే గనుక పాఠాంతరాల పేచీ లేదు.

ప్రతిపదార్థం

తొలుత వచ్చు తేది = పోర్టల్‌లో ఖాళీగా కనిపించే రోజుల్లో మొట్టమొదటిది. ఇందులోనే ఉంది మర్మమంతా. ఆమ్‌కాస్ అనే ఉమ్మడి దరఖాస్తును మే నెలాఖరు నుంచి పంపుకోవచ్చు. ఇంటర్వ్యూలు ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలై ఫిబ్రవరి, మార్చి దాకా సాగుతాయి. అయితే అవన్నీ ముగిసేదాకా సీట్లు ఆగవు. ఎం.డి. కాలేజీలు అక్టోబరు 15 నుంచే ఇవ్వడం మొదలుపెట్టవచ్చు. చాలా చోట్ల రోలింగ్ పద్ధతి: ఇంటర్వ్యూ అయినవాళ్ళ ఫైళ్ళు దఫదఫాలుగా కమిటీ ముందుకు పోతుంటాయి, సీట్లు తరుగుతుంటాయి. ఫిబ్రవరిలో పోయినవాడు ఆఖరి బంతిలో కూర్చున్నవాడే. బూరెలు అయిపోయి ఉంటాయి, వెయిటింగ్ లిస్టనే మజ్జిగ మాత్రం ధారాళంగా పోస్తారు.

తొందరించి వెదకి = ఈమెయిల్ వచ్చిన గంటలోపే అని పెద్దలు.

బెదురు లేక = బెదురు రెండు విధాలు. మొదటిది ఇంటర్వ్యూ వల్ల పుట్టేది. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో పుట్టిన మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ ఇప్పుడు ఇక్కడ కూడా చాలా కాలేజీల్లో ఉంది. తలుపు బయట ప్రశ్న చదువుకోవడానికి సాధారణంగా రెండు నిమిషాలు, లోపల జవాబు చెప్పడానికి ఎనిమిది. గంట మోగితే మాట మధ్యలో ఉన్నా పక్క గదికి పోవలసిందే. 2020లో కోవిడ్ వచ్చాక చాలా చోట్ల ఆ గదులు పోయి జూమ్ వచ్చింది. దానితో విమానం ఖర్చు తప్పింది గానీ, ఇంటర్వ్యూ ఇంట్లోకే వచ్చింది కాబట్టి ఇంటిల్లిపాదికీ దానిమీద హక్కు ఏర్పడింది. రెండో బెదురు అక్కడ పుట్టింది. దాని సంగతి కింద చూడండి.

పిల్లవాడ = ఇరవై రెండేళ్ళు నిండినా తన తేదీ తాను పెట్టుకునే అధికారం లేనివాడా! అని సంబోధన.

నిమిషమాగితివేని = ఒక్క నిమిషం ఆగితే. ఆ నిమిషం ఎలా గడుస్తుందో చెప్పకపోతే టీక అసమగ్రం. మొదటి తేదీ అక్టోబరు మధ్యలో ఒక సోమవారం. కాలేజీ తూర్పు తీరంలో ఉంది, వాళ్ళ టైము ఎనిమిదిన్నర, ఫ్రిస్కోలో ఏడున్నర. "ఆగు నాన్నా, ఒక్కసారి అమ్మమ్మని అడుగుతాను" అని తల్లి విజయవాడకు వాట్సాప్ వీడియో కలిపింది. "సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం కాదుటే!" అంది అమ్మమ్మ.

ఇక్కడ చర్చ. గోడ క్యాలెండరులో రాహుకాలం ఆరింటికి పొద్దు పొడిచి ఆరింటికి కుంకుతుందన్న లెక్కమీద వేసింది. అసలు శాస్త్రం పగటిని ఎనిమిది భాగాలు చేసి, సోమవారానికి రెండో భాగాన్ని రాహువుకిచ్చింది. అక్టోబరు మధ్యలో డాలస్‌లో సూర్యోదయమే సుమారు ఏడున్నరకు. కాబట్టి ఆ వేళ నడిచేది మొదటి భాగం. రాహువు రావడానికి ఇంకా దాదాపు గంటన్నర ఉంది. అమ్మమ్మ శాస్త్రం ప్రకారమే ఆ ముహూర్తం నిర్దోషం. కానీ ఫోనులో ఈ వాదం నెగ్గలేదు. పైగా తండ్రికి, ఇంటర్వ్యూ చేసే ప్రొఫెసరు ఊళ్ళో రాహుకాలం చూడాలా మన ఊళ్ళోదా అని కొత్త సందేహం వచ్చింది.

పూర్వపక్షం: "ముందు రెండు చోట్ల అలవాటు పడి, మనసుపడ్డ కాలేజీకి తరవాత పోవాలి. మొదటి తేదీకే పోతే తడబడతాడు" అని వాడి తోటి ప్రీమెడ్ల వాదం. ఇది తీసిపారేసే మాట కాదు. తేదీకి ముందు కనీసం వారమైనా ఉండాలి, ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒకటి రెండు మాక్ ఇంటర్వ్యూలు చేసుకోవాలి. అందరినీ చూశాకే నిర్ణయించే కాలేజీలూ కొన్ని ఉన్నాయి. అక్కడ ఈ పద్యం చెల్లదు, జనవరి అయినా ఫరవాలేదు. రోలింగ్ కాలేజీలో మాత్రం అలవాటు కోసం మూడు నెలలు ఆగడం మంచి బేరం కాదని ఈ వ్యాఖ్యాత సిద్ధాంతం.

తాత్పర్యం: ఓ పిల్లవాడా! ఆ కాలేజీది ఏ పద్ధతో ముందు కనుక్కో. రోలింగ్ అయితే, వారం వ్యవధి ఉన్న మొదటి తేదీ నొక్కి, ఆ తరవాతే అమ్మకు చెప్పు.

విశేషం: పై చర్చ ముగిసి తల్లి ఫోను పెట్టేసేసరికి ఆ సోమవారం నిండిపోయింది. మిగిలినది జనవరిలో ఒక బుధవారం, ఫ్రిస్కో టైము మధ్యాహ్నం పన్నెండు. క్యాలెండరులో బుధవారం రాహుకాలం పన్నెండు నుంచి ఒకటిన్నర.